పాత కారుకు కరెంటు పరీక్షలు: మీటరు ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు చూడాలి

ఇంట్లో పాత మారుతి 800 కానీ అంబాసిడర్ కానీ ఉంటే ఏదో ఒక రోజు ఒక హెడ్‌లైటు మసకబారుతుంది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. రెండు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని కొత్త బ్యాటరీ వేయడం. నెల తిరిగేసరికి అదే బాధ మళ్లీ మొదలవుతుంది. తప్పు ఉన్నది బ్యాటరీలో కాదు, ఎక్కడో ఒక బోల్టు కింద పట్టిన తుప్పులో. ఆ బోల్టు ఏదో కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మూడు వందల రూపాయల మీటరు, ఒక బల్బు, తీరికగా ఒక ఆదివారం చాలు.

ముందు సామాను. డిజిటల్ మల్టీమీటరు ఒకటి. ఆటోనగర్‌లోనూ, ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే ఏ కొట్టులోనైనా దొరికే పసుపు రంగు చౌక రకం నేర్చుకోవడానికి సరిపోతుంది. కారు పనికి దాంట్లో ఎక్కువగా వాడేది డీసీ 20 వోల్టుల గుర్తు ఒక్కటే. ఆ గుర్తు దగ్గర మీటరు వోల్టులో వందో వంతు దాకా చూపిస్తుంది, అంతకంటే సూక్ష్మంగా చూడాల్సిన పని లేదు. రెండోది టెస్ట్ ల్యాంపు. కొనడం కంటే చేసుకోవడమే మేలు: హోల్డరుతో సహా 12 వోల్టుల 5 వాట్ల బల్బు, రెండు మీటర్ల వైరు, ఒక చివర క్రొకొడైల్ క్లిప్పు, ఇంకో చివర సూదిలా మొన ఉన్న పుల్ల. ఇలాంటిదే 21 వాట్ల ఇండికేటర్ బల్బుతో ఇంకొకటి చేసుకోండి, దాని అవసరం కాసేపట్లో తెలుస్తుంది. వీటితోపాటు నీళ్ల కాగితం, వైరు బ్రష్షు, 10 నంబరు, 12 నంబరు పానాలు, కాస్త వాసెలిన్, మీటరు తీగలు పొడిగించుకోవడానికి మూడు మీటర్ల సన్నని వైరు.

ఇంకా ఒకటి తెచ్చుకోండి, రూపాయో రెండో ఉంటుంది: 1000 ఓముల పావు వాట్ రెసిస్టర్. దాని మీద గోధుమ, నలుపు, ఎరుపు చారలు వరసగా ఉంటాయి. కారు దగ్గరకు వెళ్లే ముందు దీనితో ఒక చిన్న ప్రయోగం చేస్తే మిగతా వ్యాసం సగం అర్థమైనట్టే.

బ్యాటరీ ప్లస్‌కు ఆ రెసిస్టర్ ఒక కాలు కలపండి. రెండో కాలికి మీటరు ఎర్ర తీగ పెట్టి, నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కు ఆనించండి. మీటరు దాదాపు 12.6 చూపిస్తుంది. దారి బాగానే ఉంది, కరెంటు వస్తోంది అనిపిస్తుంది. ఇప్పుడు మీటరు అలాగే ఉంచి, అదే రెండు చోట్ల 21 వాట్ల బల్బును కూడా కలపండి. బల్బు వెలగదు. మీటరులో 12.6 కాస్తా సున్నా దగ్గరికి పడిపోతుంది. బల్బు తీసేయండి, మళ్లీ 12.6.

జరిగింది ఇది. మీటరు తాగే కరెంటు ఆంపియర్‌లో లక్షో వంతు పాటిది. అంత సన్నని ధార ఎంత ఇరుకు సందులోంచైనా జారిపోతుంది. బల్బుకు కావలసింది 1.75 ఆంపియర్లు, అది ఆ సందులో పట్టదు. మీ కారులో తుప్పు పట్టిన లగ్గు (వైరు కొసన బోల్టుకు బిగించే లోహపు రింగు), కాలిన స్విచ్ కాంటాక్ట్, చిలుము పట్టిన సాకెట్ అన్నీ ఈ రెసిస్టర్ లాంటివే. బల్బు ఊడదీసి, ఖాళీ సాకెట్‌లో మీటరు పెట్టి, “కరెంటు వస్తోంది, వైరు బాగుంది” అనేస్తే పొరపాటు. మీటరును కంటిన్యూటీ గుర్తు మీద పెట్టి వైరు ఈ కొసా ఆ కొసా తాకిస్తే వచ్చే కీచు శబ్దానిదీ అదే దోషం: వైరులో ఒక్క పోగు మిగిలినా అది కూస్తుంది. అందుకే బల్బు వెలుగుతుండగా, మోటారు తిరుగుతుండగా, కరెంటు పారుతుండగానే కొలవాలి. ఇక్కడ చెప్పే పరీక్షల్లో ముఖ్యమైనవన్నీ ఇదే పద్ధతి.

చేతికి ఉంగరం, గొలుసు వాచీ, గాజులు ఉంటే తీసేయండి. బ్యాటరీ ప్లస్ మీద పానా పెట్టి తిప్పుతుండగా దాని రెండో కొస బాడీకి తగిలితే పానా ఎర్రగా కాలుతుంది, మధ్యలో ఉంగరం ఉంటే వేలు పోతుంది. అందుకే బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్త్ టెర్మినల్ (బాడీకి కలిపినది) ముందు, బిగించేటప్పుడు ఎర్త్ చివరన. చార్జింగ్ అయిన బ్యాటరీ మూతల దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, నిప్పు, బీడీ దగ్గరకు రానివ్వకండి. బండికి గ్యాస్ కిట్ ఉంటే బానెట్ తెరిచాక కాసేపు గాలి ఆడనిచ్చి, వాసన లేదని చూసుకున్నాకే పని మొదలుపెట్టండి. అరవైల నాటి బండి అయితే ఏ టెర్మినల్ బాడీకి వెళ్తోందో కళ్లారా చూడండి. ఆ కాలపు కొన్ని బళ్లలో ప్లస్‌ను ఎర్త్ చేసేవారు. కింద రాసినదంతా మైనస్ ఎర్త్ ఉన్న బళ్లకు.

బ్యాటరీ

బండి ఆపి కనీసం నాలుగు గంటలు కావాలి, రాత్రంతా నిలిపి ఉంచితే ఇంకా మంచిది. అంత సమయం లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పి, ఐదు నిమిషాలు ఆగండి. చార్జింగ్ వల్ల పైపైన నిలిచిన వోల్టేజీ దిగిపోతుంది, అసలు సంగతి మిగులుతుంది. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. 11.8 దగ్గరికి వచ్చిందంటే ఖాళీ. మన ఎండలకు తగ్గట్టు యాసిడ్ సాంద్రత కాస్త తక్కువగా పోసిన బ్యాటరీల్లో నిండుగా ఉన్నా 12.5 దాటదు, కంగారు పడకండి. 10.5 దగ్గర ఆగిపోయి, చార్జింగ్ పెట్టినా పైకి రాకపోతే ఆరు సెల్లుల్లో ఒకటి చచ్చినట్టు. దానికి మందు లేదు.

మూతలు తీసే రకం అయితే యాసిడ్ సాంద్రత చూపే హైడ్రోమీటరు మామూలు మీటరు కంటే ఎక్కువ చెబుతుంది. నిండుగా చార్జింగ్ చేశాక ఆరు సెల్లుల్లోనూ విడివిడిగా చూడండి. అంకె ఎంత అన్నది ఒక ఎత్తు, అన్నీ సమానంగా ఉన్నాయా అన్నది ఇంకో ఎత్తు. మిగతావి 1.240 చూపిస్తుంటే ఒక్కటి 1.180 చూపిస్తే ఆ సెల్లు దెబ్బతిన్నట్టే. 0.050 కంటే తేడా ఉండకూడదు. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, క్యాన్ నీళ్లు కాదు. వాటిలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. వేసవిలో బెజవాడలో బానెట్ కింద వేడికి నీళ్లు తొందరగా ఆవిరవుతాయి. మార్చి నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి మూతలు తీసి చూడటం మంచిది. పలకలు నీళ్ల పైకి తేలితే ఆ భాగం గట్టిపడిపోతుంది, తర్వాత నీళ్లు పోసినా తిరిగి రాదు.

నిలకడ వోల్టేజీ బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు, రెసిస్టర్ ప్రయోగం గుర్తుందిగా. మీటరు తీగలు బ్యాటరీ మీద ఉంచి, కీ తిప్పడానికి ఇంట్లో ఒకరిని పిలవండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. ఇంజిను స్టార్ట్ కాకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే ప్లస్ వైరు పీకి, దాని కొస బాడీకి తగలకుండా టేపు చుట్టండి. ఎంపీఎఫ్‌ఐ (కంప్యూటరు లెక్కతో పెట్రోలు చిమ్మే) బండి అయితే పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, లైనులో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా ఒకసారి నడవనివ్వండి. సెల్ఫ్ ఐదు సెకన్లు తిరుగుతుండగా మీటరు 9.6 కంటే దిగకూడదు. బాగున్న బ్యాటరీతో చిన్న పెట్రోలు బండిలో 10 పైనే నిలుస్తుంది. నిండుగా ఉన్న బ్యాటరీ తొమ్మిది కిందికి జారితే రెండు కారణాలు: బ్యాటరీ అయినా ముసలిదై ఉండాలి, సెల్ఫ్ అయినా బుష్షులు అరిగి ఎక్కువ కరెంటు తాగుతూ ఉండాలి. ఇంకో మంచి బ్యాటరీతో చూస్తే ఏదో తేలిపోతుంది.

సెల్ఫ్ నీరసంగా తిరిగితే

బ్యాటరీ దగ్గర 10.4 ఉంది, అయినా సెల్ఫ్ మూలుగుతోంది. ఇక్కడే చాలామంది సెల్ఫ్ విప్పి రిపేరుకు పంపేస్తారు. విప్పకుండా చూడాల్సినవి రెండు దారులు: కరెంటు వెళ్లే దారి, తిరిగి వచ్చే దారి.

వెళ్లే దారికి: ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ సీసపు దిమ్మ మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, దిమ్మ మీదే. క్లాంపుకూ దిమ్మకూ మధ్యే తుప్పు ఉండొచ్చు, అది కూడా లెక్కలోకి రావాలి. నల్ల తీగ సెల్ఫ్‌కు లావు వైరు బిగించే స్టడ్ మీద పెట్టండి. కీ తిప్పించండి. మీటరు చూపించేది ఆ దారిలో తరిగిపోయిన వోల్టేజీ. మెకానిక్కులు దీన్ని డ్రాప్ అంటారు. అర వోల్టు లోపు ఉండాలి. స్టడ్ అందేలా లేకపోతే పొడిగింపు వైరు వాడండి, వైరు ఫ్యాను బెల్టుకు చిక్కుకోకుండా చూసుకోండి.

తిరుగు దారికి: నల్ల తీగ బ్యాటరీ మైనస్ దిమ్మ మీద, ఎర్ర తీగ సెల్ఫ్ ఒంటి మీద శుభ్రంగా గీకిన చోట. కీ తిప్పించండి. 0.3 లోపు ఉండాలి.

ఒక లెక్క చూడండి. బ్యాటరీ దగ్గర 10.4, వెళ్లే దారిలో 0.3, తిరుగు దారిలో 1.5. సెల్ఫ్‌కు దక్కింది 8.6 మాత్రమే. తప్పు ఎర్త్ వైపు ఉంది. ఇప్పుడు ఎర్ర తీగను సెల్ఫ్ మీద నుంచి ఒక్కో మెట్టూ బ్యాటరీ వైపు జరుపుతూ రండి: ఇంజిను దిమ్మె, ఇంజిను నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ ఇంజిను కొస, దాని బాడీ కొస, బ్యాటరీ ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు, ఆ వైరు క్లాంపు. ఒక్కో చోటా కీ తిప్పించి అంకె రాసుకోండి. సెల్ఫ్ ఒంటి దగ్గర మొదలుపెట్టి వరసగా 1.5, 1.5, 1.4, 0.2 అని వచ్చిందనుకోండి. 1.4 నుంచి 0.2కి ఎక్కడ పడిందో తప్పు అక్కడే: పట్టీ ఇంజిను కొసకూ బాడీ కొసకూ మధ్య 1.2 వోల్టులు తింటోంది. పట్టీ లోపలి పోగులు ఆకుపచ్చగా నలిగి ఉంటాయి, లేదా లగ్గు లోపల వదులై ఉంటుంది. వంద ఆంపియర్లు పారే చోట ఓములో వందో వంతు అడ్డు ఉన్నా ఒక వోల్టు పోతుంది. అంత చిన్న అడ్డును చౌక మీటరు ఓముల గుర్తులో చూపించలేదు. సెల్ఫ్ తిరుగుతుండగా వోల్టుల్లో చూస్తే దాచుకోలేదు.

ఈ ఎర్త్ పట్టీ పూర్తిగా తెగిపోయిన బళ్లలో ఒక వింత కనిపిస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు యాక్సిలరేటర్ కేబులో చోక్ కేబులో వేడెక్కుతుంది. కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి లేక ఆ సన్నని ఉక్కు తీగలోంచి వెళ్తుంది. కేబుల్ బిగుసుకుపోయిందని కొత్తది వేసే ముందు ఈ పట్టీని ఒకసారి చూడండి.

ఒక్కసారి కీ తిప్పితే ఐదు సెకన్లు, తర్వాత అర నిమిషం విరామం. వరసగా కొడితే సెల్ఫ్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగుతుంది, మీ అంకెలు కూడా మారిపోతాయి.

చార్జింగ్

కాయిల్ వైరు తిరిగి పెట్టి ఇంజిను స్టార్ట్ చేయండి. ఐడిల్ కంటే కాస్త ఎత్తులో బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఇప్పుడు హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపరు అన్నీ వేసి, యాక్సిలరేటర్ తొక్కి 2000 ఆర్‌పీఎం దగ్గర నిలపండి. 13.5కి తగ్గకూడదు. 12.4 దగ్గరే ఉండిపోతే అసలు చార్జింగ్ లేదు. ముందు బెల్టు చూడండి, రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు కంటే ఎక్కువ దిగకూడదు. తర్వాత డాష్‌బోర్డులోని ఎర్ర బ్యాటరీ దీపం చూడండి. ఇంజిను ఆపి కీ ఆన్ చేస్తే అది వెలగాలి. చాలా ఆల్టర్నేటర్లకు (బెల్టుతో తిరిగి చార్జింగ్ ఇచ్చే యంత్రాలకు) పని మొదలుపెట్టే మొదటి కరెంటు ఆ దీపం గుండానే వస్తుంది, బల్బు పోతే చార్జింగ్ కూడా మొదలవదు. ఐదు వందల పనికి ఐదు వేలు పెట్టకుండా ఈ బల్బు కాపాడుతుంది.

14.8 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు పోయినట్టు. నీళ్లు తరచుగా తగ్గిపోతున్నా, హెడ్‌లైట్ బల్బులు ఊరికే మాడిపోతున్నా అనుమానించాల్సింది దీన్నే. పాత అంబాసిడర్‌లో ఆల్టర్నేటర్ కాక నిజమైన డైనమో ఉంటే ఐడిల్‌లో చార్జింగ్ రాకపోవడం దాని సహజ గుణం, రేసు పెంచి చూడండి.

ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, “ఆగిపోలేదు కాబట్టి డైనమో బాగుంది” అని తేల్చే పద్ధతి మన దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. బ్యాటరీ ఆసరా పోయిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఆల్టర్నేటర్ డయోడ్లనూ, రెగ్యులేటరునూ, ఎంపీఎఫ్‌ఐ బండిలో అయితే కంప్యూటరునూ కొట్టేస్తుంది. మీటరు ఆనించి చూడటానికి పట్టేది పది సెకన్లు.

బ్యాటరీ పూర్తిగా దిగిన బండిని తోసి స్టార్ట్ చేసి, బెంజ్ సర్కిల్ నుంచి గుంటూరు దాకా వెళ్లొస్తే నిండిపోతుందని కూడా అనుకోవద్దు. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీని మూడున్నర ఆంపియర్ల చార్జరు మీద పది పన్నెండు గంటలు పెట్టాలి. నిండని బ్యాటరీ మీద చేసిన ఏ పరీక్షా నమ్మదగ్గది కాదు.

ఒక హెడ్‌లైటు మసకగా ఉంటే

నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం లేదు. కుడిది బాగుంది, ఎడమది పసుపుగా ఉంది. ఇంజిను ఆపి, లైట్లు వేసి ఉంచండి. బల్బు వెనక మూడు కాళ్ల సాకెట్‌ను ఊడదీయకుండా, వెనక నుంచి వైరు పక్కగా మీటరు మొన లోపలికి దూర్చాలి. మొన లావుగా ఉంటే గుండుసూది వాడండి. వైరు తొడుగును మధ్యలో గుచ్చవద్దు. ఆ చిల్లు లోంచి వానాకాలం తడి లోపలికి వెళ్లి రెండేళ్లలో రాగి నల్లబడుతుంది, మీరే కొత్త తప్పును నాటినట్టవుతుంది.

బ్యాటరీ మీద 12.2 ఉందనుకుందాం. ఎడమ బల్బు రెండు కాళ్ల మధ్య 10.1 వచ్చింది. దారిలో 2.1 పోయింది. ఇప్పుడు బ్యాటరీ ప్లస్ దిమ్మకూ బల్బు ప్లస్ కాలికీ మధ్య చూడండి: 0.4. బల్బు ఎర్త్ కాలికీ బ్యాటరీ మైనస్ దిమ్మకూ మధ్య: 1.7. రెండూ కలిపితే 2.1, లెక్క సరిపోయింది. ఇలా సరిపోకపోతే ఎక్కడో మొన సరిగా ఆనలేదు, మళ్లీ చూడండి. తప్పు 1.7 ఉన్న వైపు, అంటే ఎర్త్. ఆ హెడ్‌లైటు నల్ల వైరు వెంట పోతే రేడియేటర్ సపోర్టు రేకుకు బిగించిన లగ్గు దగ్గర ఆగుతుంది. బోల్టు విప్పితే లగ్గు కింద పెయింటు, తుప్పు, మట్టి. 10.1 వోల్టుల దగ్గర హాలోజన్ బల్బు ఇచ్చే కాంతి 12.2 దగ్గర ఇచ్చేదాంట్లో ఇంచుమించు సగమే. రాత్రిపూట ఆ దారిలో రెండు వోల్టులంటే అంత. బల్బు మార్చినా, వంద వాట్ల బల్బు పెట్టినా బాగుపడదు. వంద వాట్లది పెడితే ఎక్కువ కరెంటు లాగి ఆ సాకెట్‌నే కాల్చేస్తుంది.

బాగుచేసే తీరు: లగ్గునూ, రేకునూ మెరిసేదాకా గీకండి. నక్షత్రం ఆకారపు వాషరు వేసి బిగించండి. పైన వాసెలిన్ పూయండి. లోహం లోహం ఆనిన తర్వాతే పూయాలి, ముందు పూసి బిగించడం కాదు. మళ్లీ అదే చోట మీటరు పెడితే 0.1 దగ్గరికి రావాలి. రాకపోతే వైరుకూ లగ్గుకూ మధ్య నొక్కు వదులైంది, లగ్గు కోసి కొత్తది వేయండి.

తప్పు ప్లస్ వైపు ఉంటే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), స్విచ్ ఒక్కోటి దాటుతూ ఇలాగే వెళ్లాలి. దీపం వెలుగుతుండగా ఫ్యూజు రెండు కొసల మధ్య 0.1 కంటే ఎక్కువ వస్తే ఫ్యూజు కాళ్లు పట్టే క్లిప్పు వదులైంది. చేత్తో తాకితే వెచ్చగా కూడా ఉంటుంది. రిలే లేకుండా కాంబినేషన్ స్విచ్ గుండానే హెడ్‌లైటు కరెంటు మొత్తం వెళ్లే బండి అయితే ఆ స్విచ్‌లోనే అర వోల్టు దాకా పోతుంటుంది. రెండు రిలేలు వేయించడం అక్కడ నిజంగా ఉపయోగపడే ఖర్చు. రిలే అడుగున 85, 86 అన్నవి కాయిల్ కాళ్లు, 30కి బ్యాటరీ, 87 నుంచి దీపానికి. 85, 86 మధ్య ఓముల్లో చూస్తే వంద దరిదాపుల్లో ఉండాలి. టక్కుమన్నంత మాత్రాన రిలే బాగున్నట్టు కాదు, దీపం వెలుగుతుండగా 30కీ 87కీ మధ్య డ్రాప్ చూడండి.

ఇండికేటర్, వెనక దీపాల కథ కూడా ఇదే. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మినుకుమినుకుమన్నా, ఇండికేటర్ వేస్తే పార్కింగ్ దీపం కొట్టుకున్నా వెనక ల్యాంపు ఎర్త్ పోయినట్టే. ఒక పక్క ఇండికేటర్ గబగబా కొట్టుకుంటే ఆ పక్క ఒక బల్బు పోయింది.

ఫ్యూజు పదే పదే పోతుంటే

రంగులు గుర్తుపెట్టుకోండి: గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. పది ఉండాల్సిన చోట ముప్పై వేయడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, రాగి పోగు కట్టడం మూడూ ఒకటే: ఫ్యూజు బదులు వైరింగ్ కాలుతుంది. బండ్లు తగలబడేది ఇలాగే.

ఫ్యూజులు కాల్చుకుంటూ వెతకక్కర్లేదు. పోయిన ఫ్యూజు తీసి, దాని రెండు క్లిప్పుల మధ్య 21 వాట్ల టెస్ట్ ల్యాంపు కలపండి. ఆ లైనులోని బల్బులు, మోటార్లు ఊడదీయండి. షార్ట్ ఉంటే ల్యాంపు నిండుగా వెలుగుతుంది. వైరు ఎంత గట్టిగా బాడీకి తగిలినా కరెంటు 1.75 ఆంపియర్లు దాటదు కాబట్టి ఏదీ కాలదు. ఇప్పుడు వైరింగ్ కట్టను ఒక కొస నుంచి కదుపుతూ రండి: డిక్కీ కీలు దగ్గర, తలుపు సందులో, స్టీరింగ్ కింద, బ్యాటరీ ట్రే అంచున, సీటు పట్టాల కింద. కదిపినప్పుడు ల్యాంపు ఆరితే చెయ్యి ఉన్న చోటే తప్పు. నెలల తరబడి కదలకుండా నిలిపిన బండి అయితే ఎలుకలను మరవకండి. బ్లోయర్ పెట్టె చుట్టూ, సీటు కింద వైర్ల తొడుగు కొరికేసి రాగి బయటపడి ఉంటుంది.

రంగులను నమ్మి వెతకడం కొంతవరకే. పాత అంబాసిడర్‌లో లూకాస్ పద్ధతి ఉంటుంది: నలుపు ఎర్త్, గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా, తెలుపు ఇగ్నిషన్ స్విచ్ దాటాక, ఆకుపచ్చ ఫ్యూజు దాటాక. కానీ ముప్పై ఏళ్లలో నలుగురి చేతులు పడ్డ బండిలో మధ్యలో ఏ రంగు ముక్క అతికారో తెలియదు. రంగు ఆచూకీ మాత్రమే, తేల్చేది ల్యాంపే.

రెండు రోజులకే బ్యాటరీ దిగిపోతుంటే

ఇది ఆంపియర్ల పరీక్ష, జాగ్రత్త ఎక్కువ కావాలి. మీటరు ఎర్ర తీగ 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చండి. చౌక మీటర్లలో ఆ రంధ్రానికి లోపల ఫ్యూజు ఉండదు. ఇలా పెట్టి ఉండగా కీ తిప్పినా, మర్చిపోయి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద మొనలు ఆనించినా మీటరు చేతిలోనే కాలుతుంది. అందుకే ముందు మీటరు బదులు 5 వాట్ల టెస్ట్ ల్యాంపు పెట్టండి: బ్యాటరీ ఎర్త్ క్లాంపు తీసి, క్లాంపుకూ మైనస్ దిమ్మకూ మధ్య ల్యాంపు. నిండుగా వెలిగితే ఏదో పెద్దదే తాగుతోంది, అది దొరికేదాకా మీటరు పెట్టొద్దు. వెలగకపోతే మీటరు పెట్టండి.

అన్ని తలుపులూ మూయాలి. ఒక తలుపు తెరిచే పని చేయాల్సి వస్తే లోపలి దీపం స్విచ్‌ను టేపుతో నొక్కి ఉంచండి. గడియారం, మ్యూజిక్ సిస్టమ్ జ్ఞాపకశక్తికి పోయే కరెంటు 0.03 దాకా మామూలే. 0.05 దాటితే వెతకాలి. 0.20 ఉంటే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ వారం దాటేసరికి అడుగంటుతుంది, సెల్ఫ్ తిప్పలేని స్థితికి మూడు నాలుగు రోజుల్లోనే వస్తుంది. డిక్కీ దీపం ఆరకుండా ఉండిపోతే ఒక్కటే 0.40 తాగుతుంది.

ఫ్యూజులు ఒక్కోటి తీస్తూ మీటరు చూడండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ లైనులో తప్పు. అన్నీ తీసినా పడకపోతే ఫ్యూజు లేని దారులు మిగిలాయి. వాటిలో ముఖ్యమైనది ఆల్టర్నేటర్ వెనక లావు వైరు. అది విప్పగానే అంకె పడితే లోపల డయోడు కారుతోంది. ఆ వైరు నేరుగా బ్యాటరీ ప్లస్‌కు వెళ్తుంది, అందుకే విప్పే ముందు మీటరు తీసి, ఎర్త్ వదిలేసి, అప్పుడు పానా పెట్టండి. బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ హారన్, సెంట్రల్ లాకింగ్ కూడా చాలాసార్లు ఫ్యూజు పెట్టెను దాటి బ్యాటరీ మీద నుంచే లాగి ఉంటాయి.

కాయిల్, పాయింట్లు

త్వరగా చెప్పుకుందాం. పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి తెంచే కాంటాక్టులు) ఉన్న బండిలో డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూత తీసి, పాయింట్లు మూసుకునేలా ఇంజిను తిప్పి, కీ ఆన్ చేసి, కాయిల్ మైనస్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టులు చూడండి. 0.2 లోపు ఉండాలి. ఎక్కువుంటే పాయింట్లు కాలాయి, లేదా డెల్కో లోపలి ఎర్త్ వైరు తెగింది. ఒక నిమిషం లోపు కీ ఆపేయండి, పాయింట్లు మూసి ఉన్నంతసేపూ కాయిల్ వేడెక్కుతూనే ఉంటుంది. వైర్లు తీసి కాయిల్ ప్లస్, మైనస్ మధ్య ఓముల్లో చూస్తే మామూలు కాయిల్ 3 ఓములు, విడిగా రెసిస్టర్‌తో పనిచేసేది 1.5 ఓముల దగ్గర ఉంటుంది. స్పార్క్ ప్లగ్గు వైపు వేల వోల్టులు ఉంటాయి, అటు మీటరు మొన పెట్టకండి.

ఎంపీఎఫ్‌ఐ బండిలో కంప్యూటరుకు వెళ్లే వైర్ల మీద టెస్ట్ ల్యాంపు వాడకండి. సెన్సార్లకు వెళ్లేవి 5 వోల్టులు, ల్యాంపు లాగే 0.4 ఆంపియర్లు ఆ సర్క్యూట్‌కు మోయలేని బరువు. అక్కడ మీటరు మాత్రమే.

నీళ్లలో మునిగిన బండి అయితే

2024 సెప్టెంబరు మొదట్లో బెజవాడలో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ వైపు వీధులను ముంచినప్పుడు ఎన్నో కార్లు సీట్ల దాకా నీళ్లలో నిలిచాయి. అలాంటివి బాగై, చేతులు మారి ఇంకా తిరుగుతుంటాయి. పాత కారు కొనేటప్పుడు ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి, సీటు పట్టాల బోల్టుల మీద తుప్పునూ, వైరింగ్ టేపు మడతల్లో సన్నని ఒండ్రునూ చూడండి. సీట్లు కడగొచ్చు కానీ టేపు లోపలి ఒండ్రును ఎవరూ తీయరు.

మునిగిన బండిలో కరెంటు ఉన్న ప్లస్ కాలే మొదట పోతుంది. తడిలో ఆ కాలు కరిగి ఆకుపచ్చ చిలుముగా మారుతుంది, పక్కనే ఉన్న ఎర్త్ కాలు మెరుస్తూనే ఉంటుంది. అందుకే అలాంటి బండి దొరికితే మొదటి పని బ్యాటరీ ఎర్త్ తీసేయడం. తర్వాత కింది నుంచి పైకి వెళ్లండి: తలుపు గుమ్మాల దగ్గరి కనెక్టర్లు, సీటు కింద, కాళ్ల దగ్గర, చివరికి డాష్‌బోర్డు. ప్రతి కనెక్టరూ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్షుతో తోమి, పూర్తిగా ఆరాక బిగించాలి. ఎండలో ఆరబెట్టడానికి బానెట్, నాలుగు తలుపులు తెరిచి రెండు మూడు రోజులు ఉంచండి. కాలు పలచబడి ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, కోసి కొత్త టెర్మినల్ నొక్కించండి. ఆ తర్వాత ప్రతి దీపాన్నీ, మోటారునూ వేసి, దాని ప్లస్ దారిలోనూ ఎర్త్ దారిలోనూ డ్రాప్ ఎంతో కాగితం మీద రాసి, తారీఖు వేసి డాష్‌బోర్డు అరలో పెట్టండి. మూడు నెలల తర్వాత అవే చోట్ల మళ్లీ కొలవండి. 0.1 ఉన్నది 0.4 అయిందంటే ఆ కనెక్టర్ లోపల చిలుము మళ్లీ మొదలైంది, దీపం మసకబారక ముందే విప్పి చూడొచ్చు.